పెద్ద చదువు, చిన్న కొలువు

కొన్ని వారాల క్రితం జుమా నమాజు ముగిశాక, జనం చెప్పుల కోసం తలుపు దగ్గర గుమిగూడి ఉన్న వేళ, ఒక యువకుడు వచ్చి మా ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మౌలానా! ఒక మసలా అడగాలి. ఇది నమాజు మసలా కాదు, బయోడేటా మసలా" అన్నాడు. మాకు నవ్వొచ్చింది గానీ అతని ముఖంలో నవ్వు లేదు.

అతని సంగతి ఇది. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తయి రెండేళ్ళయింది. పిహెచ్‌డి చేయాలని కోరిక. అందుకోసం సిఎస్‌ఐఆర్-యుజిసి నెట్ పరీక్ష రాస్తున్నాడు. అందులో ఫెలోషిప్ స్థాయిలో నెగ్గితే 2023 జనవరి నుండి పెంచిన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు వస్తాయి. ఆ కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. రెండుసార్లు రాశాడు, రాలేదు. మూడోసారికి చదువుతున్నాడు. తండ్రి దర్జీ. చూపు మందగించి కుట్టుమిషను మానేశాడు. చెల్లెలు ఇంటర్ చదువుతోంది. పరీక్ష వచ్చేదాకా ఇంట్లో కూర్చుని చదివే స్తోమత లేదు. అందుకని ఊళ్ళో చిన్నాచితకా ఉద్యోగాలు అడగడం మొదలుపెట్టాడు. మందుల ఏజెన్సీలో బిల్లులు కొట్టే పని, బట్టల దుకాణంలో లెక్కలు రాసే పని, ఒక ఆఫీసులో కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే పని. మూడు చోట్లా బయోడేటా చూసి ఒకే మాట అన్నారట: "ఎమ్మెస్సీ చదివినోడివి, నువ్వు మా దగ్గర ఎన్నాళ్ళుంటావయ్యా?"

అప్పుడు ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. డిగ్రీ, పీజీ రెండూ తీసెయ్యి, ఇంటర్ అని మాత్రం రాయి. ఎన్నాళ్ళుంటావని అడిగితే నాలుగైదేళ్ళు ఉంటాను ఇన్షా అల్లాహ్ అని చెప్పు. ఇన్షా అల్లాహ్ అన్నాక అది అబద్ధం కాదు కదా!

"ఇది అబద్ధమేనా మౌలానా? నేనేమీ ఎక్కువ చెప్పుకోవట్లేదు, తక్కువ చెప్పుకుంటున్నాను. లోకమంతా లేని డిగ్రీలు పెట్టుకుంటోంది, నేను ఉన్నది దాస్తున్నాను. ఇందులో ఎవరికి నష్టం?"

ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. రెండు రోజులు ఆగి రమ్మన్నాము. పుస్తకాలు చూడవలసిన అవసరం కొంత ఉన్నది నిజమే. కానీ అసలు కారణం వేరు. అతని స్నేహితుడు చెప్పిన ఆ ఇన్షా అల్లాహ్ మా గొంతులో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో తరువాత చెబుతాము.

ముందు అతని తల్లి విషయం. ఇంత చదివించి దుకాణంలో కూర్చోబెట్టాలా, బంధువుల్లో తల ఎలా ఎత్తుకోవాలి అని ఆ తల్లి బాధపడుతోందట. తల్లి బాధను మేము తేలిక చేయము. కానీ ఈ బాధకు మన చరిత్రలో ఆధారం దొరకదు. బిఅరె మఊనా వద్ద షహీదులైన డెబ్బై మంది ఖారీల గురించి హజ్రత్ అనస్ (రజి) చెప్పిన వివరం సహీహ్ ముస్లింలో ఉంది. వారు పగలు నీళ్ళు మోసేవారు, కట్టెలు కొట్టి తెచ్చి అమ్మేవారు, ఆ డబ్బుతో సుఫ్ఫా వాసులకు, పేదలకు తిండి కొనేవారు. రాత్రుళ్ళు ఖుర్ఆన్ నేర్చుకునేవారు. ఆ సమాజంలో వారికంటే చదువుకున్నవారు ఎంతమంది? పగటి కట్టెల మోపు వారి రాత్రి చదువును చిన్నబుచ్చలేదు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా తన అన్సారీ పొరుగువానితో వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఒకరు దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి నేర్చుకుంటే మరొకరు తమ పని చూసుకునేవారు, సాయంత్రం విన్నది పంచుకునేవారు. సహీహ్ బుఖారీలో ఇది విద్యా అధ్యాయంలోనే వచ్చింది. సంపాదనకు ఒకరోజు, చదువుకు ఒకరోజు! నేటి యువకుల టైంటేబుల్‌కు ఇంతకంటే దగ్గరి పోలిక మాకు తోచలేదు. కాబట్టి చిన్న పని చేయడం సిగ్గా కాదా అన్న దాని మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఆగవలసిన చోటు వేరే ఉంది.

అతను అడిగిన మొదటి ప్రశ్న, చదువు దాచడం అబద్ధమా? ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి, విడదీయాలి. చెప్పకుండా ఉండటం ఒకటి, ఉన్నదానికి విరుద్ధంగా చెప్పడం మరొకటి. మనిషి తన గురించి అన్నీ అందరికీ చెప్పాలని షరీఅత్ ఎక్కడా ఆదేశించలేదు. హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు రాజును ధాన్యాగారాల బాధ్యత అడిగినప్పుడు తనను గురించి రెండే లక్షణాలు చెప్పుకున్నారు: భద్రంగా కాపాడగలను, దాని తెలివి నాకుంది. అవి రెండూ ఆ పనికి సంబంధించినవి. వారి ఘనతలు ఇంకెన్నో ఉన్నాయి, వాటిని అక్కడ ఏకరువు పెట్టలేదు. బిల్లులు కొట్టే పనికి దరఖాస్తు రాసేవాడు తన కాగితం మీద ఇంటర్ పాసయ్యాను, కంప్యూటర్ వచ్చు, ఇంగ్లీషులో మందుల పేర్లు చదవగలను అని రాసి ఊరుకుంటే, అతను ఆ పనికి కావలసింది చెప్పాడు. అది అబద్ధం కాదు.

కానీ దుకాణదారు ఇచ్చిన ఫారంలో 'అత్యధిక విద్యార్హత' అని గడి ఉంటే? అక్కడ ఇంటర్ అని రాసి, కింద 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అనే వాక్యం కింద సంతకం పెడితే? అప్పుడది మౌనం కాదు, సాక్ష్యం. అలాగే ఇంటర్ తరువాత ఇన్నేళ్ళు ఏం చేశావని అడిగితే, ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నానని చెప్పడం శుద్ధ అబద్ధం. తక్కువ చెప్పుకోవడం వినయం కదా అని అతను అన్నాడు. వినయం అవతలివాణ్ణి పొరపాటు నిర్ణయానికి నెట్టదు. ఇది నెట్టడానికే చెప్పేది.

ఈ విషయంలో మన దేశపు సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రెండు వ్యాజ్యాలు గుర్తు చేసుకోదగినవి. 2000 సంవత్సరంలో నాగపూర్ జిల్లా కోర్టులో ప్యూన్ పోస్టుల వ్యవహారం వచ్చింది. నిర్ణీత అర్హతకంటే ఎక్కువ చదివారన్న కారణంతో కొందరిని పక్కన పెట్టారు. ఎక్కువ చదువుకున్నాడన్న సాకుతో ఒకరిని పరిశీలించకుండా తోసివేయడం సహేతుకం కాదని న్యాయస్థానం చెప్పింది. ఇరవై ఏళ్ళ తరువాత, 2020 నవంబరులో, ఒడిశాలోని ఒక బ్యాంకు ప్యూన్ ఉద్యోగం గొడవ వచ్చింది. పన్నెండో తరగతి పాసై ఉండాలి, డిగ్రీ పూర్తి చేసి ఉండకూడదు అని ప్రకటనలోనే ఉంది. దరఖాస్తుదారుకు 2014 నుండే డిగ్రీ ఉంది. దాన్ని దాచి ఇంటర్ మాత్రమే చూపించాడు. హైకోర్టు అతన్ని పనిలో కొనసాగనివ్వమంది. సుప్రీంకోర్టు బ్యాంకు పక్షాన నిలిచింది. ఆ నిబంధన తప్పనుకుంటే దాన్నే సవాలు చేయవలసింది. దాని కింద దరఖాస్తు పెట్టి, ముఖ్యమైన విషయం దాచి, తరువాత ఎక్కువ చదువును హక్కుగా చూపుకోవడం కుదరదన్నది ఆ తీర్పు సారాంశం. రెండు తీర్పులూ ఒకదానికొకటి ఎదురు నిలిచినట్టు కనిపిస్తాయి గానీ, మా దృష్టిలో వాటి మధ్య ఒక సన్నని గీత ఉంది. చదువు ఎక్కువ కావడం నేరం కాదు. అడిగిన చోట దాన్ని కప్పిపుచ్చడం నమ్మకాన్ని చెడగొడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఆ మూడు దుకాణాలవాళ్ళు ఎమ్మెస్సీని ఎందుకు వద్దన్నారు? రసాయన శాస్త్రం తెలిసినవాడు బిల్లు తప్పుగా కొడతాడనా? కాదు. వెళ్ళిపోతాడని. వారి భయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. డిగ్రీ కేవలం దానికి ఆనవాలు.

హనఫీ ఫిఖహ్‌లో సరుకు లోపం (ఐబ్) గురించిన చర్చ మదరసాల్లో ప్రతి విద్యార్థీ చదువుతాడు. ఆ సరుకు వ్యాపారం తెలిసినవారి వాడుకలో ధర తగ్గించేది ఏదైనా లోపమే. అమ్మేవాడు దాన్ని చెప్పాలి. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. పైన పొడి, లోపల తడి. తడిని పైకే కనిపించేలా ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. ఒకసారి తన భాగస్వామికి సరుకు పంపుతూ, ఫలానా బట్టలో లోపముంది, అమ్మేటప్పుడు చెప్పమన్నారు. అతను మరిచిపోయి అమ్మేశాడు, కొన్నదెవరో కూడా గుర్తులేదు. ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేసేశారని వారి జీవిత చరిత్రల్లో ఉంది.

కొలువులో మనిషి అమ్మేది తన పని, తన కాలం. ఈ సరుకులో లోపమేది? ఎమ్మెస్సీ లోపం కాదు. ఎవరూ చదువును చినుగు అనరు. 'జూలైలో వెళ్ళిపోతాను' అన్న దృఢ నిశ్చయం మాత్రం, ఎన్నాళ్ళో ఉండే మనిషి కావాలని చెప్పిన యజమాని ఎదుట, బట్టలోని చినుగే. మడత లోపల దాగిన చినుగు. కాబట్టి మేము ఆ యువకునికి చెప్పింది ఇది: అడగనంతవరకూ నీ చదువు నీది, చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం. నీవు ఉండే గడువు మాత్రం నీ ఒక్కడిది కాదు, దాని మీద అవతలివాడు తన లెక్కలు వేసుకుంటాడు. మొదటిది దాచితే నీ గొప్ప దాగుతుంది. రెండోది దాచితే అతని నష్టం దాగుతుంది.

ఈ తేడా మేము పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. చదివాము గాని, నేర్చుకున్నది మరోచోట.

2013లో మేము మదరసాలో ఫజీలత్ పూర్తి చేసి, యూనివర్సిటీలో ఉర్దూ ఎం.ఎ. చేయాలని ప్రవేశానికి సిద్ధమవుతున్నాము. ఇంటి నుండి డబ్బు తెప్పించుకునే పరిస్థితి లేదు. హైదరాబాదులో ఛత్తా బజార్ అంటే ఉర్దూ అచ్చుపనికి, పెళ్ళి కార్డులకు పెట్టింది పేరు. అక్కడ ఒక చిన్న దుకాణంలో ఇన్‌పేజ్‌లో ఉర్దూ టైపు చేసే పని దొరికింది. సిహాహె సిత్తా చదివిన వేళ్ళతో వలీమా విందు వేళలు కొట్టడం మాకు మొదట కొంచెం కష్టంగానే ఉండేది. దుకాణం యజమాని పెద్దాయన, ముక్కుసూటి మనిషి. మొదటిరోజే అడిగారు: "మౌల్వీసాబ్, షాబాన్ నెల నెగ్గుకొస్తావా? ఆ నెలే మాకు ప్రాణం." ఆ సంవత్సరం రంజాన్ జూలైలో వచ్చింది. దానికి ముందు షాబాన్‌లో రంజాన్‌కు ముందే ముగించే పెళ్ళిళ్ళ కార్డులు, మదరసాల వార్షిక జల్సా పోస్టర్లు, సహరీ-ఇఫ్తార్ వేళల కార్డులు అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి.

మా ప్రవేశ దరఖాస్తు అప్పటికే వెళ్ళిపోయింది. సీటు వస్తే ఎప్పుడు చేరాలో తెలుసు. అయినా మేము అన్న మాట ఒక్కటే: "ఇన్షా అల్లాహ్."

సీటు వచ్చింది. షాబాన్ మొదటి వారంలో మేము వెళ్ళిపోయాము. మూడు రోజుల ముందు చెప్పాము. మనసుకు మాత్రం ఒక సర్దుబాటు చెప్పుకున్నాము. మేము ఉంటామని అనలేదు, అల్లాహ్ తలిస్తే ఉంటామన్నాము, ఆయన వేరుగా తలిచాడు, మా తప్పేముంది? అరబీ వ్యాకరణం చదివిన బుద్ధి ఇలాంటి వాటిలో చురుకుగానే పనిచేస్తుంది.

కొన్ని నెలల తరువాత అటుగా వెళ్ళి సలాం చేశాము. ఆయన టీ తెప్పించారు. కోపగించుకోలేదు. ఆ నెల రెండు పెద్ద ఆర్డర్లు వెనక్కి పోయాయని, రాత్రంతా తానే కూర్చుని కొట్టానని మామూలుగా చెప్పారు. తరువాత అన్నారు: "నువ్వు చదువుకోవడానికి వెళ్ళావు, సంతోషమే. నాకు ముందే చెప్పి ఉంటే మా తమ్ముడి కొడుకును నీ పక్కన కూర్చోబెట్టి నేర్పించేవాణ్ణి కదా. నువ్వు ఇన్షా అల్లాహ్ అన్నావు, నేను అవుననుకున్నాను." మేము ఫాజిల్ అన్న సంగతి ఆయనకు మొదటినుండీ తెలుసు. దానికి ఆయనకు అభ్యంతరమే లేదు. ఆయనకు కావలసింది ఒక తారీఖు. అది మా దగ్గర ఉంది, మేమివ్వలేదు.

తౌరియా, అంటే వినేవాడు ఒకటి అనుకునేలా, మనసులో మరొకటి పెట్టుకుని మాట్లాడటం గురించి ఇమామ్ నవవీ (రహ్మ) తమ 'అల్‌అజ్‌కార్'లో వివరంగా రాశారు. అవసరం ఉంటే సరే, అవసరం లేకుంటే అయిష్టం, దాని ద్వారా ఇతరుల హక్కు పోతే అది నిషిద్ధం. ఈ పాఠం మేము చదివే ఉన్నాము. అల్లాహ్ నామాన్ని మా గడువు మీద పరదాగా కప్పుతున్నామని ఆరోజు తట్టలేదు. ఇన్షా అల్లాహ్ అనేది దృఢంగా సంకల్పించిన పనిని అల్లాహ్‌కు అప్పగించే మాట. చేయకూడదని ముందే అనుకున్న పనికి ఆ మాట తగిలించడం ఏమిటి? అందుకే ఆ యువకుడు స్నేహితుడి సలహా చెప్పినప్పుడు మాకు నోట మాట రాలేదు.

రెండు రోజుల తరువాత అతను మళ్ళీ వచ్చాడు. ఇదంతా విన్నాక అతను వేసిన ప్రశ్న గట్టిది. "మౌలానా, మీకు సీటు తారీఖు తెలుసు. నాకు తెలియదు. మూడోసారీ రాకపోవచ్చు. రాని పరీక్ష గురించి ఇప్పుడే చెప్పి, ఉన్న ఉద్యోగం పోగొట్టుకోవాలా?"

ఇది న్యాయమైన ప్రశ్నే. ప్రతి ఆశనూ యజమానికి నివేదించనక్కరలేదు. దుకాణంలో పనిచేసే ఇంటర్ కుర్రాడు కూడా గల్ఫ్ వీసా వస్తే బాగుండుననుకుంటాడు, ఎవరూ దాన్ని మోసమనరు. ఆశ వేరు, నిశ్చయం వేరు, మాట ఇవ్వడం వేరు. ఆశను మనసులో ఉంచుకోవచ్చు. నిశ్చయమైన తారీఖు ఉంటే, ఆ తారీఖు మీద యజమానికి నష్టం ఆధారపడి ఉంటే, చెప్పాలి. ఇక ఎన్నాళ్ళుంటావని సూటిగా అడిగితే లేనిమాట ఇవ్వకూడదు. 'పరీక్ష రాస్తున్నాను, వస్తే వెళ్తాను, రాకపోతే ఉంటాను, ఏదైనా నెల ముందు చెబుతాను' అనడంలో అబద్ధం లేదు, అతిశయం లేదు. దీనికి ఉద్యోగం రాకపోవచ్చు. నిజం చెప్పినవాడికి ప్రతిసారీ వెంటనే ఉద్యోగం దొరుకుతుందని మేము ఎక్కడా చెప్పము.

హజ్రత్ మూసా (అ) మద్‌యన్‌లో కొలువు కుదిరిన విధం ఇక్కడ చూడదగినది. ఫిరౌను ఇంట్లో పెరిగినవారు. సూరె ఖసస్‌లో మద్‌యన్ ప్రయాణానికి ముందే వారికి వివేకం, జ్ఞానం ప్రసాదించబడ్డాయన్న ప్రస్తావన ఉంది. ఆయన చేరిన పని గొర్రెలు కాయడం. అర్హతకు, పనికి మధ్య ఇంతకంటే పెద్ద దూరం ఏముంటుంది? ఆ పెద్దమనిషి పిలిపిస్తే, ఆయన మొదట చేసినది తన వృత్తాంతమంతా చెప్పడం. ప్రాణభయంతో పారిపోయి వచ్చిన సంగతి కూడా దాచలేదు. (ఆ పెద్దాయన హజ్రత్ షుఐబ్ అని చాలామంది అంటారు, ఖుర్ఆన్ పేరు చెప్పలేదు.) అంతా విన్నాక కూతురు ఆయన్ని పనిలో పెట్టుకోమంది, బలవంతుడు, నమ్మకస్తుడు అన్న కారణం చూపింది. తరువాత గడువు మాట్లాడుకున్నారు: ఎనిమిదేళ్ళు తప్పనిసరి, పది పూర్తి చేస్తే అది ఆయన ఇష్టం. ఆ గడువు ఇద్దరి నోటా స్పష్టంగా వచ్చింది. ఆయన పదేళ్ళూ పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్టు బుఖారీలో ఉంది. ఆ తరువాత ఆయన వెళ్ళిపోయారు. వెళ్ళడం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, ఎందుకంటే వెళ్ళడం ఒప్పందంలోనే ఉంది.

యజమానులతో కూడా ఒక మాట. మన దుకాణదారులు చాలామంది 'ఎన్నాళ్ళుంటావ్' అని అడుగుతారు గానీ, తాము ఎన్నాళ్ళు ఉంచుకుంటారో చెప్పరు. సీజను అయిపోగానే రేపటి నుండి రావద్దనేవారున్నారు. గడువు దాచడం కుర్రాడికి తప్పయితే యజమానికీ తప్పే. ఇంకొందరు ఇతనికి అవసరముంది కదా అని సగం జీతానికి బేరమాడి, ఆపైన మా బిల్లులు ఎమ్మెస్సీ కొడతాడని పదిమందిలో చెప్పుకుంటారు. వారి గురించి ఎక్కువ రాయాలని లేదు.

మరొక శంక ఆ యువకుడు అడగలేదు గాని మాకే కలిగింది. ఎక్కువ చదివినవాడు చిన్న ఉద్యోగంలో చేరితే, అదే ఉద్యోగం తప్ప మరో దారిలేనివాడి నోటి దగ్గరి కూడు లాగినట్టా? 2018లో తెలంగాణలో 700 విఆర్‌ఓ పోస్టులకు పది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. కావలసిన అర్హత ఇంటర్మీడియట్. రాసినవారిలో డిగ్రీలు, పీజీలు చేసినవారు ఎందరో. ఆ వ్యవస్థనే 2020లో రద్దు చేశారన్నది వేరే సంగతి. 2015లో ఉత్తరప్రదేశ్‌లో 368 ప్యూన్ పోస్టులకు 23 లక్షల మంది పోటీపడ్డారు, వారిలో పిహెచ్‌డి చేసినవారూ ఉన్నారు. ఈ అంకెలు చూసి చదువుకున్నవాణ్ణి నిందించడం తగదు. ఉపాధి అంటే చదివినవాడు చివర నిలబడవలసిన వరుస కాదు. అతని ఆకలి కూడా ఆకలే. తాడు భుజాన వేసుకుని కట్టెలు మోసి అమ్ముకోవడం ఎదుటివారి ముందు చేయి చాచడంకంటే మేలన్న దైవప్రవక్త (స) బోధ డిగ్రీ లేనివారికి మాత్రమే చెప్పింది కాదు.

అయినా మా మనసు పూర్తిగా కుదుటపడలేదని ఒప్పుకుంటాము. వెళ్ళిపోతానని తెలిసీ ఎక్కడ చేరుతున్నామన్నది ముఖ్యం. యజమాని ఒక కుర్రాణ్ణి రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పే చోటు ఉంటుంది, ఏసీ మెకానిక్ షాపు, లేత్ మిషన్, ఆభరణాల పని లాంటివి. అక్కడ స్థలం ఒక్కటే ఉంటే, ఆ విద్యతోనే జీవితమంతా బతకబోయేవాడికి దాన్ని వదిలేయడం మంచిది. ఆరు నెలల కోసం దాన్ని ఆక్రమించడం మాకు నచ్చదు. ట్యూషన్లు, పరీక్షల సీజనులో పని, తాత్కాలిక డేటా ఎంట్రీ, వారం రోజుల్లో వచ్చేసే బిల్లింగు, వీటిలో ఎవరు వచ్చినా ఎవరు పోయినా దెబ్బ తక్కువ. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంకో చిక్కు ఉంది. ఎంపికై చేరకపోయినా, చేరి వదిలేసినా, ఆ ఖాళీ జాబితాలో తరువాతి అభ్యర్థికి అన్నిసార్లూ పోదు. 2024లో తెలంగాణ గురుకుల నియామకాల్లో ఒకే అభ్యర్థి ఒకటికంటే ఎక్కువ పోస్టులకు ఎంపిక కావడం, వదిలేసినవి మిగిలిపోవడం మీద అభ్యర్థులు ఆందోళనకు దిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాయడం ప్రతివాడి హక్కే. వదులుకునే ఉద్దేశం ఖాయమైనప్పుడు, వదులుకునేందుకు నియమం అవకాశమిచ్చే దశలోనే వదులుకోవాలి. చివరి రోజు దాకా జేబులో పెట్టుకు తిరగకూడదు.

చివరిగా అతను లేవబోతూ అడిగాడు. దుకాణంలో మధ్యాహ్నం గిరాకీ ఉండదు కదా, అప్పుడు కౌంటరు కింద పుస్తకం పెట్టుకుని చదువుకోవచ్చా?

ఫిఖహ్‌లో పనివారు రెండు రకాలు. అజీరె ముష్తరక్ పనికి కూలి తీసుకుంటాడు. దర్జీ లాంటివాడు. చొక్కా కుట్టి ఇచ్చేదాకా మధ్యలో ఏం చేసినా అతని ఇష్టం. అజీరె ఖాస్ తన కాలాన్ని అమ్ముకుంటాడు. పొద్దున తొమ్మిది నుండి రాత్రి తొమ్మిది దాకా దుకాణంలో ఉండేవాడు ఇతను. పని లేకపోయినా హాజరుగా ఉన్నందుకే ఇతనికి జీతం ఇవ్వవలసి ఉంటుంది. ఆ జీతం తీసుకున్నాక ఆ గంట యజమానిది. "మీ అబ్బాజాన్ ముష్తరక్, నువ్వు ఖాస్" అంటే మొదటిసారి నవ్వాడు. పని ఆగకుండా, పిలిస్తే లేచేలా చదివితే చాలామంది యజమానులు కాదనరు. కానీ కౌంటరు కింద ఎందుకు? అడిగి కౌంటరు మీద పెట్టుకో అన్నాము.

నెల తరువాత ఫోన్ చేశాడు. మొదటి చోట పరీక్ష సంగతి చెబితే వద్దన్నారట. రెండో చోట, ఒక మందుల ఏజెన్సీలో, యజమాని కాసేపు ఆలోచించి, వచ్చే మార్చి లెక్కలు ముగిసేదాకా కదలనని మాట ఇమ్మన్నాడట. ఇచ్చాడు. జీతం అనుకున్నదానికి ఐదు వందలు తగ్గించాడు. పుస్తకం గురించి కూడా అడిగాడట.

"ఏమన్నారు?" అన్నాము.

"చదువుకో గానీ, ముందు గ్లూకోజు సీసాల అట్టపెట్టెలు దింపి, ఎక్స్‌పైరీ తారీఖులు చూసి సర్ది కూర్చోమన్నారు మౌలానా. రోజూ రెండింటికల్లా అయిపోతోంది."